హ్యాండిల్ తిప్పిన చెయ్యి

హ్యాండిల్ దానంతటది వెనక్కి తిరిగింది.

శాంభవి చెయ్యి తీసేలోపే ఇనప పిడి ఆమె మణికట్టు మీద ఒక్కటేసి, గిర్రున తిరిగి ఆగింది. పెట్టెలోపల బిళ్ళ సర్రున జారి తన చోట్లోకి వెళ్ళి కూర్చున్న చప్పుడైంది. లోపల ఎవరో పట్టుకుని లాగేసుకున్నట్టు.

గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. అందరూ కింద క్యాంటీన్‌లో భోజనాల దగ్గరున్నారు. మధురవాడ కొండవాలు మీద ఉన్న ఆ ల్యాబ్‌లో ఏసీ రొద తప్ప చప్పుడు లేదు. శాంభవి మోచేతి మీది రోమాలు నిక్కబొడుచుకుని, ఆమె చూస్తుండగానే మెల్లగా పడుకున్నాయి. గాలిలో పిడుగు పడ్డాక వచ్చే వాసన.

మణికట్టు రుద్దుకుంటూ పెట్టెకేసి చూసింది. సూట్‌కేసంత పెట్టె. లోపల ఎదురెదురుగా పేర్చిన రాగి రేకులు, వాటి సందుల్లోకి దువ్వెన పళ్ళలా దూరే తెల్లటి పింగాణీ బిళ్ళ. అంతే. ఇంటర్ పుస్తకంలో బొమ్మగీసి చూపించే రెండు రేకుల కెపాసిటరే అది. ఒక రేకు మీద ప్లస్, ఎదుటి రేకు మీద మైనస్. మధ్యలో ఏముందన్నదాన్నిబట్టి ఎంత చార్జ్ పడుతుందన్నది ఉంటుంది. వట్టి గాలి ఉంటే చిటికెడు. శాంభవి ఏళ్ళ తరబడి ఫర్నేసుల ముందు కూర్చుని కాల్చి తీసిన ఈ పింగాణీ పెడితే దానికి పదివేల రెట్లు.

ఇది నమూనా పెట్టె. దీనికి అన్నల్లాంటివి, మంచాలంతేసి పెట్టెలు, ఇప్పుడు ఒక సిటీ బస్సు నేల కింద బిగించి ఉన్నాయి. స్టాపులో జనం ఎక్కి దిగేలోపు నిండిపోయే బస్సు. బ్యాటరీ లేదు, డీజిల్ లేదు. రేపు పొద్దున్న డిపోలోంచి మొదటిసారి మనుషుల్ని ఎక్కించుకుని బయటికి వస్తుంది. ఆ వేడుకలో ఈ మొట్టమొదటి బిళ్ళని అద్దాల పెట్టెలో పెట్టి చూపించాలని చక్రధర్ కోరిక. చక్రధర్ ల్యాబ్ డైరెక్టర్. శాంభవి భర్త.

అందుకే అతని దగ్గర హ్యాండిల్ తీసుకుని ఆమె ఈ గదిలోకి వచ్చింది. రెండు నెలల తరవాత మొదటిసారి. ఇదే ల్యాబ్‌లో పనిచేసిన ఆమె తమ్ముడు హేమాద్రి చనిపోయింది ఈ బల్ల దగ్గరే.

బిళ్ళలో పగుళ్ళేమైనా వచ్చాయేమోనని చూడ్డానికి, చేతికందిన గోడ గడియారం సెల్ తీసి, రేకులకి ఒకటిన్నర ఓల్టు ఇచ్చింది. బిళ్ళ బాగానే పట్టుకుంది. సెల్ తీసేసి, బిళ్ళ బయటికి లాగడానికి హ్యాండిల్ తిప్పింది. బిళ్ళ లాగేముందు రేకుల కొసలు రెండిటికీ తీగ తగిలించి చార్జ్ మొత్తం తీసెయ్యాలన్నది ల్యాబ్‌లో మొదటి నియమం. ఆ నియమం పెట్టింది ఆమే. కానీ రోజూ మూడొందల ఓల్టులతో మసిలే మనిషికి ఒకటిన్నర ఓల్టు కంటికి ఆనుతుందా? నాలిక మీద పెట్టుకున్నా చురుక్కుమనదు.

మొదట హ్యాండిల్ తేలిగ్గా తిరిగింది. ముప్పాతిక దూరం మెత్తగా వచ్చింది. తరవాత బరువెక్కింది. ఒక్కొక్క చుట్టుకీ బరువు రెట్టింపవుతున్నట్టు. పెట్టె తన బిళ్ళని వదలనంటోంది. ఆమె పట్టు సడలించిన క్షణంలో లాగేసుకుంది.

ఎందుకో శాంభవికి తెలుసు. తెలియకపోవడానికి ఆమెకి హక్కు లేదు, ఒకప్పుడు ఈ పాఠం పిల్లలకి చెప్పి డిగ్రీ కాలేజీలో జీతం తీసుకున్న మనిషి. రేకుల మీద చార్జ్ బయటికి పోయే దారి లేదు. బిళ్ళ బయటికి వస్తున్నకొద్దీ అదే చార్జ్ వట్టి గాలిలో ఇరుక్కోవాలి. ఓల్టులు పెరుగుతాయి. పదివేల రెట్లు పెరుగుతాయి. కాయితం మీద ల్యాబ్‌లో అందరికీ తెలుసు. చేతికి మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే చార్జ్ ఉండగా బిళ్ళ లాగిన వాళ్ళు ఎవరూ లేరు.

ఎవరూ లేరా?

ఆ ఆలోచన రాగానే శాంభవి కుర్చీలో కూర్చుండిపోయింది.

కాసేపటికి లేచి తలుపు గడియ పెట్టింది. పక్క గదిలోంచి హై ఓల్టేజి మీటరు తెచ్చి తగిలించింది. మళ్ళీ గడియారం సెల్ పెట్టి తీసింది. రబ్బరు చాప మీద నిలబడి, ఈసారి రెండు చేతులతో హ్యాండిల్ తిప్పింది. చివరి చుట్లకి భుజం పట్టేసింది. బిళ్ళ పూర్తిగా బయటికి వచ్చి కొక్కెంలో పడింది. కొక్కెం పడితే ఇక వెనక్కి పోదు.

మీటరు ముల్లు పధ్నాలుగు వేలు దాటి వణుకుతోంది.

పొడుగాటి కర్రకి కట్టిన ఎర్త్ తీగని దూరంనుంచి తాకించింది. గదిలో తుపాకి పేలినట్టయింది. కర్ర చేతిలోంచి ఎగిరి కిందపడింది. రాగి కొస మీద నల్లటి మచ్చ. హేమాద్రి కుడి అరచేతిలో ఉన్నట్టి మచ్చే. శవం స్నానం చేయించేటప్పుడు ఆమె చూసింది.

సెల్ ఇచ్చింది రవ్వంత. మిగతాదంతా తన భుజం ఇచ్చింది. బిందెడు నీళ్ళు నేల మీంచి నడుముదాకా ఎత్తినంత శ్రమ. ఆ శ్రమే రేకుల మీద కాచుకుని కూర్చుంది.

ఆ రోజు చక్రధర్ చెప్పిన మాటలు ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. విచారణకి వచ్చినవాళ్ళ ముందు, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి మరీ చెప్పాడు. "పొద్దున్న బిళ్ళ నేనే బయటికి తీశాను. హ్యాండిల్ నా దగ్గరే ఉంటుంది కదా. వెన్నలా వచ్చేసింది. అంటే అప్పటికి రేకుల మీద ఏమీ లేదన్నమాట. తరవాత హేమాద్రి సప్లై తీగలు తగిలించి మూడొందలు ఎక్కించుకున్నట్టున్నాడు. ఎర్త్ తీగ పెట్టుకోవడం మరిచిపోయాడు."

సప్లై తీగలు నిజంగానే రేకులకి తగిలించి ఉన్నాయి. అందరూ చూశారు. ల్యాబ్‌లో మూడొందలంటే నిండుగా ఉందని అర్థం. నిండు పెట్టె ముట్టుకుంటే మనిషి పోతాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆమెకీ రాలేదు.

కానీ బిళ్ళ బయట ఉంటే మూడొందలకి అర్థమే లేదు. బిళ్ళ లేని రేకుల్లో ఆ సప్లై నింపగలిగింది, నైలాన్ చీర విప్పుతుంటే చిటపటమనేదానికి కాస్త ఎక్కువ. దానికి మనిషి చావడు. అరచేతిలో అంత మచ్చ పడదు.

బిళ్ళ లోపల ఉండగా చార్జ్ పడింది. ఆ తరవాత ఎవరో హ్యాండిల్ తిప్పి బిళ్ళ లాగారు. తిప్పినవాడి భుజానికి అది తెలిసి తీరాలి. వెన్నలా రాదు.

హ్యాండిల్ ఒక్కటే ఉంది. అది చక్రధర్ సొరుగులో తాళం వేసి ఉంటుంది.

*

ఆమె ఇల్లు చేరేసరికి కౌముది వంటింట్లో వంకాయలు తరుగుతోంది. హేమాద్రి భార్య. పెళ్ళయి మూడేళ్ళు కాలేదు. విజయనగరం వెళ్ళి పుట్టింట్లో ఉండమంటే వినలేదు. కర్మకాండ ముగిసిన మర్నాటినుంచే బడికి వెళ్ళి చిన్న క్లాసులకి పాఠాలు చెప్పుకుంటోంది.

"త్వరగా వచ్చేశారేంటి వదినా? మణికట్టు అలా కందిందేంటి?"

"తలుపు తగిలింది."

"మీరూ ఆయనలాగే తయారయ్యారు." కౌముది నవ్వబోయి, మధ్యలో ఆపేసింది. "రేపు నేను కూడా రావాలంటున్నారు అన్నయ్యగారు. బస్సుకి ఆయన పేరు రాయించారట కదా. నన్నే రిబ్బను కత్తిరించమన్నారు."

శాంభవి మంచినీళ్ళు తాగుతూ ఉండిపోయింది.

"వెళ్ళాలని లేదు వదినా. బస్సు చూసి అందరూ ఏమనుకుంటారు? పాపం తొందరపాటు మనిషి, తీగ మరిచిపోయి పోయాడట అనుకుంటారు. ఆ మాట వింటూ రిబ్బను కత్తిరించాలి." కౌముది వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది. "మా నాన్న కూడా అదే అన్నారు తెలుసా. అంత చదువుకున్నవాడికి అంత నిర్లక్ష్యమేంటమ్మా అని."

ఈ వంటింటి పక్క గదిలోనే, అదే డైనింగ్ టేబుల్ మీద, హేమాద్రి రెండు అప్పడాలు ఎదురెదురుగా పట్టుకుని మాట్లాడాడు. చనిపోవడానికి కొన్నాళ్ళ ముందు. "అక్కా, ఇవి రేకులనుకో. మధ్యలో నీ బిళ్ళ. లారీ వచ్చి బస్సుని పక్కనుంచి గుద్దింది. బిళ్ళ జారింది. అప్పుడేంటి సంగతి? ఆ గుద్దిన బలమంతా ఎక్కడికి పోతుంది?"

"నీ నోట్లోకి," అన్నాడు చక్రధర్, ఒక అప్పడం లాక్కుని. "నాలుగు బోల్టులున్నాయిరా బాబూ. జారదు."

"బోల్టులు నువ్వు చూస్తావా బావా, నేను చూస్తానా? జారిన బిళ్ళతో ఒకసారి పరీక్ష చేసి చూద్దాం. మూడు వారాలు ట్రయల్ ఆపుదాం. ఏం కొంప మునుగుతుంది?"

"సరే, చూద్దాంలే," అన్నాడు చక్రధర్. మాట మార్చేశాడు.

చూశాడు. ఎవరికీ చెప్పకుండా ఒక్కడే బిళ్ళ లాగి చూశాడు. అదే జరిగింది.

శాంభవికి ఈ రెండు నెలలూ చక్రధర్ ఏంచేశాడో వరసగా కళ్ళముందుకొచ్చింది. పాడె ముందుకొమ్ము పట్టాడు. కౌముది కళ్ళు తిరిగి పడిపోతే ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. శాంభవి గోడకి తల బాదుకుంటుంటే మధ్యలో తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి వేళ్ళ కణుపులు వాచాయి కూడా. వాటికి తనే వేడినీళ్ళ కాపడం పెట్టింది.

ఆ చెయ్యే.

*

చక్రధర్ సాయంత్రం వచ్చాడు. ముఖం కళకళ్ళాడుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి బూట్లు విప్పుకుంటూ, "మంత్రిగారు రాకపోతే పోనివ్వండి, కెమెరాలొస్తే చాలు," అంటున్నాడు. శాంభవి మేడమీద ఆరిన బట్టలు తీస్తూ అతన్ని పైకి పిలిచింది. కింద కౌముదికి వినపడకూడదు.

"బిళ్ళ తీశావా? పగుళ్ళేం లేవు కదా?"

"లేవు." ఆమె ఒక లుంగీ మడతపెట్టింది. "గడియారం సెల్‌తో చార్జ్ పెట్టి లాగాను. హ్యాండిల్ చాలా బరువుంది చక్రీ."

అతని మొహంలో ఏ మార్పూ రాలేదు. అది రాకపోవడమే ఆమె చూసింది. ఏ ల్యాబ్ డైరెక్టరైనా ఆ మాటకి అరవాలి. నీకు మతి పోయిందా, చార్జ్ ఉండగా బిళ్ళ లాగుతావా, చచ్చిపోయేదానివి అని అరవాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఎంతతో చేశావు?" అందామె.

"దేన్ని?"

"ఆరోజు. నువ్వు కూడా సెల్‌తోనే చేశావా?"

పక్కింటివాళ్ళ కుక్కర్ కూత పెట్టింది. చక్రధర్ పిట్టగోడకి చేరబడ్డాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడో, నిజానికి మాటలు వెతుక్కుంటున్నాడో ఆమెకి తెలియలేదు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ రెండిటికీ తేడా తనకి తెలుసనుకుంది.

"సెల్‌తోనే," అన్నాడు చివరికి. "హేమాద్రి చెప్పింది అబద్ధమని తేల్చుకుందామనే చేశాను శాంభూ. ఒకటిన్నర ఓల్టే కదా అనుకున్నాను. కొక్కెం పడగానే చిన్న మీటరు ఠప్పుమని కాలిపోయింది. భయమేసింది. పెద్ద మీటరు తెచ్చి కొలుద్దామని పక్కగదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి..."

"తిరిగొచ్చేసరికి వాడు కింద పడున్నాడు."

"అవును."

"సప్లై తీగలు ఎవరు తగిలించారు?"

అతను పిట్టగోడ మీది పెచ్చుని గోటితో గీకాడు.

"వాడికి ఊపిరుందో లేదో చూశావా, తీగలు తగిలించావా? ఏది ముందు?"

"శాంభూ..."

"ఏది ముందు చక్రీ?"

సముద్రం వైపునుంచి గాలి వీచి తీగ మీది చీర అతని ముఖానికి తగిలింది. అతను దాన్ని పక్కకి తొలగించలేదు. ఆమెకి సమాధానం తెలిసిపోయింది. మనిషి మీద కోపం వస్తే అరవొచ్చు, కొట్టొచ్చు. ఇది కోపం కాదు. ఇన్నాళ్ళూ పక్కనే పడుకున్నది ఎవరో తెలియకపోవడం.

"విను," అన్నాడు చక్రధర్, గొంతు తగ్గించి. అది అతని మీటింగుల గొంతు. "పోయినవాడు రాడు. నిజం బయటపడితే ముందు పోయేది నేను కాదు, నీ బిళ్ళ. నీ పదకొండేళ్ళు. ఇంకెవరైనా దాన్ని ముట్టుకుంటారా? పెద్ద పెట్టెలకి బోల్టులు రెట్టింపు చేయించాను. వాడు చెప్పింది గాలికి వదిలెయ్యలేదు నేను. బస్సుకి వాడి పేరే పెట్టాను. ఊరంతా రోజూ వాడి పేరు చదువుతుంది."

"వాడు చెయ్యని తప్పు మీద వాడి పేరు."

"ఏం చేద్దామంటావు?"

శాంభవి మడతపెట్టిన బట్టల దొంతర ఎత్తుకుంది. "రేపు డిపోకి వెళ్దాం," అంది. "కౌముదిని కూడా తీసుకుని."

అతను ఊపిరి వదిలాడు. ఆమె ఒప్పుకుందనుకున్నాడు.

*

డిపోలో షామియానా వేశారు. బంతిపూల దండలతో బస్సు పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకులా ఉంది. నుదుటిమీద పసుపు రంగులో 'హేమాద్రి' అని రాసి ఉంది. మొదటి ట్రిప్పుకి ఎక్కించాలని దగ్గర్లోని బడినుంచి పిల్లల్ని తీసుకొచ్చారు. కిటికీల్లోంచి తలలు బయట పెట్టి అరుచుకుంటున్నారు.

డిపో మేనేజరు సన్యాసిరావు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మేడమ్ గారూ, బేగి కానిచ్చేద్దారండి. పిల్లలు టిఫిన్ కూడా తినలేదు. ఆలస్యమైతే నన్ను తినేస్తారు."

"పిల్లల్ని దింపండి," అంది శాంభవి.

"ఏటి?"

"ముందు మీకో విషయం చూపించాలి సన్యాసిరావుగారూ. ఐదు నిముషాలు. అప్పటిదాకా బస్సులో ఎవరూ ఉండొద్దు."

ఆయన చక్రధర్‌కేసి చూశాడు. చక్రధర్ ఆమెకేసి చూశాడు. అద్దాల పెట్టె ఉండాల్సిన బల్ల మీద ఉన్నది బిళ్ళ ఒక్కటే కాదు. నమూనా పెట్టె మొత్తం ఉంది. ల్యాబ్ జీపులో తెల్లవారకముందే తెప్పించింది. పక్కన హై ఓల్టేజి మీటరు, కర్రకి కట్టిన ఎర్త్ తీగ.

"శాంభవీ, ఇప్పుడా?" అన్నాడు చక్రధర్ నవ్వుతూ, పళ్ళ మధ్యనుంచి.

పిల్లలు గోలగోలగా దిగారు. కెమెరాలవాళ్ళు ఏదో కొత్త తమాషా అనుకుని బల్ల చుట్టూ మూగారు. కౌముది రిబ్బను కత్తెర ఉన్న పళ్ళెం పట్టుకుని వెనక నిలబడింది.

శాంభవి ఉపన్యాసం ఇవ్వలేదు. గడియారం సెల్ అందరికీ చూపించి రేకులకి తాకించింది. మీటరు చూపించింది. ఒకటిన్నర. "ఇది ముట్టుకోవచ్చు," అని సన్యాసిరావు వేలు పట్టి రాగి కొసకి తాకించింది. ఆయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. జనం నవ్వారు.

"లోపలున్న ఈ బిళ్ళ ఇప్పుడు బయటికి లాగుతాం. బస్సుని లారీ గుద్దితే పెద్ద పెట్టెలో జరిగేది ఇదే." హ్యాండిల్ తీసి చక్రధర్‌కి చాపింది. "తిప్పండి డైరెక్టరుగారూ."

పెళ్ళయ్యాక మొదటిసారి అతన్ని మీరు అంది.

చక్రధర్ చెయ్యి చాపలేదు. కెమెరాలు అతని మీదికి తిరిగాయి. నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు.

"తిప్పండి. వెన్నలా వస్తుందని మీరే చెప్పారు. విచారణలో."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్క అడుగే.

శాంభవి తనే తిప్పింది. మొదటి చుట్లు తేలిక. తరవాత రెండు చేతులూ వేసి, పెదవి కరిచి, ఒళ్ళంతా బిగించి. కొక్కెం పడింది. మీటరు ముల్లు ఎగిరి పధ్నాలుగు వేల దగ్గర ఆగింది. గుంపులో నవ్వులు ఆగిపోయాయి. ఎర్త్ తీగ తాకించగానే పేలిన చప్పుడుకి చెట్లమీద కాకులు లేచాయి. ఒక పాప ఏడుపు లంకించుకుంది.

సన్యాసిరావు తన వేలు చూసుకున్నాడు. అంతకుముందు ముట్టుకున్న వేలు. మెల్లగా చొక్కాకి తుడుచుకున్నాడు.

"గడియారం సెల్‌లోంచి ఇంత రాదు," అంది శాంభవి. ఆయాసంగా ఉంది. "ఇది నా భుజంలోంచి వచ్చింది. నా తమ్ముణ్ణి చంపింది కూడా ఒకరి భుజమే. వాడు ఏ తీగా మరిచిపోలేదు. సప్లై పెట్టలేదు. వాడు లోపలికి వచ్చేసరికి ఎవరో హ్యాండిల్ తిప్పి, కొక్కెం వేసి, చెప్పకుండా వెళ్ళిపోయారు. ఈ బిళ్ళ నాది. జారకుండా ఉండే దారి దొరికేదాకా దీంతో బస్సు నడపడానికి నేను ఒప్పుకోను."

ఎవరని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

కౌముది ముందుకొచ్చింది. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. రేకులూ, ఓల్టులూ ఆమెకి తెలియవు. కానీ మూడో తరగతి పిల్లల మధ్య రోజంతా గడిపే మనిషి. ఎవరు ఏం దాస్తున్నారో ముఖం చూస్తే తెలిసిపోతుంది.

"అన్నయ్యగారూ," అంది. "మీరు గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు ఆయన ఎదురయ్యారా?"

చక్రధర్ తలెత్తలేదు.

ఆ మాటకి శాంభవి కౌముది వైపు తిరిగింది. ఈ ప్రశ్న తనకి తట్టలేదు. మేడమీద అంత అడిగి, ఇది అడగలేదు.

"మా ఇంట్లో ఆయన పొయ్యి మీద గిన్నె మూత తియ్యాలన్నా నన్నడిగేవారు," అంది కౌముది. గొంతు పెంచలేదు. "కౌమూ, తియ్యొచ్చా అని. నేను విసుక్కునేదాన్ని. ల్యాబ్ అలవాటు, అడక్కుండా ఏదీ ముట్టుకోకూడదు అనేవారు. ఆయన అడక్కుండా ఆ పెట్టె ముట్టుకోరు. మిమ్మల్ని అడిగారా?"

షామియానా గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటోంది. ఒక కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపమని కూడా అతను చెప్పలేదు.

"వరండాలో," అన్నాడు చక్రధర్.

"ఏమన్నారు?"

"ముట్టుకోవచ్చా బావా అన్నాడు."

"మీరేమన్నారు?"

సన్యాసిరావు పిల్లల్ని వెనక్కి, దూరంగా నీడలోకి తోలుతున్నాడు, వాళ్ళ చెవిన పడకుండా.

"ముట్టుకోవచ్చన్నాను." చక్రధర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "పెద్ద మీటరు తెచ్చేలోపు ముట్టుకోడనుకున్నాను. ముట్టుకోవద్దంటే ఎందుకని అడిగేవాడు."

శాంభవి అతన్ని చూడలేకపోయింది. కౌముది మాత్రం రెప్ప వాల్చకుండా చూసింది. పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది, కత్తెర జారి చప్పుడు కాకుండా జాగ్రత్తగా.

"చెబితే సరిపోయేది అన్నయ్యగారూ," అంది. "ఆయనకి ఏదైనా ఒక్కసారి చెబితే అర్థమయ్యేది."